ఒక్కొక్కటీ చూడకుండానే కుప్ప మొత్తం ఎలా ఉందో కంటికి ఎలా తెలుస్తుంది?

లెక్కపెట్టకుండా, ఒక్కొక్కదాన్నీ పట్టి చూడకుండా, ఒక్క చూపుతో "మొత్తం మీద ఇలా ఉంది" అని చెప్పేస్తామే, ఆ మాటను నమ్మవచ్చా అని అడిగారు. నమ్మవచ్చు. ఈ సంగతి నేను ముందు మిరపకాయల దగ్గర నేర్చుకున్నాను, పుస్తకాలు ఆ తర్వాత.

మాది పరకాల దగ్గర ఊరు. డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా ఒక ఫిబ్రవరిలో బాపుతో కలిసి పద్నాలుగు బస్తాల తేజ రకం మిరపకాయ మార్కెట్ యార్డుకు తీసుకుపోయాను. రాత్రంతా ట్రాలీలో బస్తాల మీదే పడుకున్నాం. తెల్లారేసరికి షెడ్డు నిండిపోయింది. ఘాటుకు హమాలీలు కూడా ముక్కులకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. ఖరీదుదారు వచ్చి ఒక బస్తా మూతి విప్పించాడు. చెయ్యి లోపలికి పెట్టి గుప్పెడు కాయ తీసి నేల మీద చల్లాడు. దానివైపు ఎంతసేపు చూశాడంటే, కన్ను మూసి తెరిచినంత సేపు. "తాలు మస్తుగున్నది. గింతకంటె రాదు" అని జెండా పాట కంటే, అంటే ఆ రోజు యార్డులో పలికిన అత్యధిక ధర కంటే, నాలుగు వేలు తక్కువ చెప్పాడు. తాలు అంటే రంగు చచ్చి తెల్లబడ్డ కాయ.

నాకు ఒళ్లు మండింది. "ఒక్క చూపుకే ఎట్ల తెలుస్తది సేటూ? లెక్కపెట్టు" అన్నాను. బాపు నా భుజం నొక్కి ఆపాడు. తూకం వేసే దడ్వాయి కాంటా పెట్టాడు, అమ్ముకుని వచ్చేశాం.

నా కోపం మాత్రం తగ్గలేదు. మర్నాడు పొద్దున కళ్లంలో మిగిలిన కాయ చేటెడు తెచ్చి పట్టా మీద పరిచి బాపును పిలిచాను. తాలు ఎంతుందో చెప్పమన్నాను. ఆయన వంగనైనా వంగలేదు. నిలబడే చూసి, "నూటికి ఆరేడు ఉంటయి బిడ్డా" అన్నాడు. అమ్మ, నేను కూర్చుని ఏరాం. మొత్తం 612 కాయలు. అందులో రంగు చచ్చి తెల్లబడ్డవి 41. లెక్క కడితే నూటికి 6.7. నేను మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను, తప్పు లేదు.

అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి ఉంది. తొడిమ ఊడిపోయి నడుమ చీలిన కాయ ఒకటి సరిగ్గా ఆయన కాలి బొటనవేలి పక్కనే ఉంది. "ఇది చూసినవా?" అని అడిగితే "ఏది?" అన్నాడు. ఆరు వందల కాయల సంగతి సరిగ్గా చెప్పిన మనిషికి కాలి పక్కనున్న కాయ కనపడలేదు!

తర్వాత చాలా ఏళ్లకు, టీచర్ ఉద్యోగంలో ఉంటూ ఎం.ఎడ్. చదివేటప్పుడు, 2001లో డ్యాన్ ఏరియలీ చేసిన ప్రయోగం గురించి చదివాను. రకరకాల సైజుల వృత్తాలను గుంపుగా కాసేపు చూపించి తీసేశాడు. తర్వాత ఒక వృత్తం చూపించి "ఇది ఆ గుంపులో ఉందా?" అని అడిగితే జనం దాదాపు గుడ్డిగా చెప్పారు. "ఆ గుంపు సగటు సైజు కంటే ఇది పెద్దదా, చిన్నదా?" అంటే మాత్రం బాగా చెప్పారు. మా పట్టా మీద జరిగింది ఇదే. 2003లో చాంగ్, ట్రైస్‌మన్ అనే ఇద్దరు సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే చూపించి అడిగినా సగటు అంచనా పెద్దగా చెడలేదు. అంటే ఖరీదుదారుడి చూపు మరీ తక్కువేమీ కాదన్నమాట.

ఎందుకిలా అంటే, మన దృష్టి ఒకేసారి విడివిడిగా పట్టుకోగలిగేది మూడు నాలుగు వస్తువులనే. 1871లోనే జెవన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త పెట్టెలోకి నల్ల చిక్కుడు గింజలు విసిరి, చూసీ చూడగానే ఎన్నో చెప్పి, తర్వాత లెక్కపెట్టుకున్నాడు. వెయ్యికి పైగా సార్లు చేశాడు. నాలుగు గింజల దాకా ఒక్క తప్పూ లేదు, అయిదు దగ్గర మొదలయ్యాయి. మిగిలినవన్నీ పట్టలేనప్పుడు కన్ను వాటిని కలిపి ఒక సారం తీసి పెట్టుకుంటుంది. సైజుకే కాదు, రంగుకు కూడా. మా మేనమామ వేసేది చపాటా, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాయ. టమాటాలా గుండ్రంగా ఉంటుంది, దాని ధర అంతా రంగు మీదే. ఆయన కుప్ప పక్కనుంచి నడిచిపోతూనే "ఇది రెండో కోత" అని చెప్పేస్తాడు.

అందుకే ఆ ఖరీదుదారుడి కన్ను తప్పు చూసిందని ఇప్పుడు నేననను. అది సరిగ్గానే చెప్పింది, కానీ చెప్పింది గుప్పెడు గురించి. ఆ బస్తాలోకి చివరి కోత కాయ పోయిందని బాపుకు తెలుసు, మిగతా పదమూడింటిలో అది లేదు. గుప్పెడును చూసి పద్నాలుగు బస్తాలకూ ధర కట్టడమే అన్యాయం. కనీసం మూడు బస్తాలు, పైనా కిందా తీసి చూడాలి. జెండా పాట సంగతీ అంతే. వేల బస్తాల్లో అన్నిటికంటే మేలైన ఒక్క కుప్పకు పలికిన ధర అది. మర్నాడు పేపర్లో అదే పెద్ద అక్షరాలతో వస్తుంది. చదివినవాళ్లు రైతుకు అంత వస్తోందనుకుంటారు. ఆ రోజు సగటు రైతుకు ఎంత దక్కిందో అంత పెద్దగా ఎవరూ వెయ్యరు. ఇది నాకు ఇప్పటికీ కడుపుమంటే.

ముఖాల విషయంలో ఇంకో చిక్కుంది. హేబర్‌మన్, విట్నీ అనే పరిశోధకులు 2007లో చూపించారు, ముఖాల గుంపును చూసినా మనం వాళ్ల సగటు భావాన్ని ఇట్టే పట్టేస్తామని. క్లాసులోకి అడుగుపెట్టగానే "ఈ రోజు పిల్లలు హుషారుగా ఉన్నారు" అని ఏ టీచరుకైనా తెలిసేది అందుకే. కానీ 2010లో వాళ్లే ఇంకోటి తేల్చారు. గుంపుకు భిన్నంగా ఉన్న ముఖాలను ఆ సగటులో లెక్కకు తక్కువగా తీసుకుంటామట. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంతకు ముందు ఏడాది నా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి నెల రోజులు మూడో బెంచీలో ముభంగా కూర్చుంది. బడి మానేసి పెళ్లి చేసుకోమంటున్నారని వాళ్ల అమ్మమ్మ వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ నెలంతా నా క్లాసు "బాగానే" ఉందనుకున్నాను.

ఇప్పుడు సాయంత్రం గంట మోగాక గుమ్మం దగ్గర నిలబడి, బయటకు వెళ్లే పిల్లలను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి పంపుతాను. నలభై రెండు మందికి నాలుగు నిమిషాలు పడుతుంది.