మాటలు ఆలస్యమైతే ఆటిజమేనా?

మాటలు ఆలస్యం కావడం ఒక్కటే ఆటిజానికి గుర్తు కాదు. దానితో పాటు సైగలు తక్కువగా ఉండి, పేరు పెట్టి పిలిచినా పలకకపోతే అనుమానించాలి. ఆటిజంలో ప్రధానంగా తేడా ఉండేది ఎదుటివారితో కలిసే తీరులో. మాట అందులో ఒక భాగమే. సాధారణంగా 18 నెలల బిడ్డ, నోట మాట రాకపోయినా, ఆకాశంలో విమానం కనబడగానే వేలు చూపి, మీరూ చూశారా అన్నట్టు మీ ముఖంలోకి చూస్తాడు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇలా చూపించడం తరచుగా కనబడదు. కావలసిన వస్తువుంటే మాత్రం మీ చెయ్యి పట్టుకెళ్లి దానిమీద పెట్టవచ్చు. కళ్లలోకి చూస్తున్నాడు కాబట్టి ఆటిజం లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చక్కగా చూసే పిల్లలూ, ముద్దులు పెట్టే పిల్లలూ ఉంటారు. అనుమానం ఉంటే పిల్లల వైద్యునికి చూపించి, వినికిడి పరీక్ష కూడా చేయించాలి. చెవుడు ఉన్నా పిలుపుకు పలకరు.