నేను ఎక్కించని ఎనీడెస్క్ నా కంప్యూటర్‌లో ఉంది, హ్యాక్ అయినట్టేనా?

విజయనగరంలో విండోస్ వేయించుకుని వచ్చిన వారానికి ఎనీడెస్క్ కనిపించిందని అడిగారు కదా, ముందు టెన్షన్ పడకండి. అది వైరస్ కాదు, దూరం నుంచి కంప్యూటర్ నడిపే మామూలు సాఫ్ట్‌వేరే. మా శ్రీకాకుళంలో కూడా రిపేర్ చేసినవాళ్లు, ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) సపోర్ట్ వాళ్లు పని కోసం వేసి తీయడం మర్చిపోతుంటారు, నా సిస్టమ్‌లోనూ ఒకసారి అలాగే దొరికింది.

అయితే మీరు దగ్గర లేకపోయినా లోపలికి రావడానికి అందులో వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, అసలు భయం అక్కడే. కాబట్టి ముందు నెట్ తీసేయండి, వైఫై ఆపేసినా చాలు. వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, విండోస్ దాచి ఉంచే ప్రోగ్రామ్‌డేటా (ProgramData), యాప్‌డేటా (AppData) ఫోల్డర్లలో ఏదో ఒకదాంట్లో ఎనీడెస్క్ ఫోల్డర్ ఉంటుంది, అందులో 'కనెక్షన్ ట్రేస్' (connection_trace) అనే టెక్స్ట్ ఫైల్ చూడండి, బయటి నుంచి ఎవరు ఏ తేదీన, ఎన్ని గంటలకు కనెక్ట్ అయ్యారో ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాకే తీసేయండి. షాపులో ఉన్న రోజు తేదీలే ఉంటే సరే, ఇంటికి తెచ్చాక అర్ధరాత్రి రెండింటికి ఎవరో వచ్చినట్టుంటే మాత్రం సరి కాదు.

అప్పుడు మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చండి, ఆ కంప్యూటర్ నుంచి వద్దు. దాంట్లో విండోస్ మళ్లీ కొత్తగా వేయించండి, ఈసారి పక్కనే కూర్చుని. ఎనీడెస్క్ ద్వారా జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.