రిజెక్ట్ నీళ్లకు (మొదటి ఆర్వో వదిలేసిన ఉప్పు నీళ్లకు) పెట్టిన హైప్రెషర్ ఆర్వోలో మెంబ్రేన్లు (వడపోత పొరలు) ఎన్నేళ్లు వస్తాయి? ఇంత ఉప్పుకి తొందరగా పోతాయేమోనని భయం.

ఏళ్ల లెక్క అడిగితే నేను చెప్పను. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ జెడ్‌ఎల్‌డీ ప్లాంటు (వ్యర్థ జలం చుక్క కూడా బయటికి వదలనిది) చూసుకున్నాను, మీరు ఉప్పు గురించి భయపడుతున్నారు కానీ నా అనుభవంలో మెంబ్రేన్లను ఎక్కువగా పాడుచేసింది వేడి నీళ్ల మీద పెంచిన ప్రెషర్.

ఒక మే నెలలో ఫీడ్‌ని (ఆర్వోలోకి వెళ్లే నీళ్లను) చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ పూడుకుపోయి నీళ్లు 43 డిగ్రీలకు వచ్చాయి. వేడికి మొదట పర్మియేట్ (వడకట్టిన నీళ్లు) ఎక్కువే వచ్చింది, అందరం సంతోషించాం. తర్వాత తగ్గడం మొదలైంది, షిఫ్టు వాళ్లు పంపు స్పీడు పెంచారు, మళ్లీ తగ్గింది, మళ్లీ పెంచారు. సప్లయర్ మనిషి వచ్చి స్కేల్ (పేరుకుని గట్టిపడిన లవణాలు) అన్నాడు. మూడుసార్లు యాసిడ్ సీఐపీ (విప్పకుండా లోపలే కడగడం) చేశాం, చుక్క తేడా లేదు. స్కేల్ అయితే డీపీ (నీళ్లు వెళ్లే చివరకీ రిజెక్ట్ వచ్చే చివరకీ మధ్య ప్రెషర్ తేడా) పెరగాలి కదా, పెరగలేదు. క్లోరిన్ తగిలితే పర్మియేట్ టీడీఎస్ (కరిగి ఉన్న ఉప్పు) పెరగాలి, అదీ పెరగలేదు. చివరికి ఒక ఎలిమెంట్‌ని (మెంబ్రేన్ చుట్టిన గొట్టాన్ని) రంపంతో కోసి విప్పాం. చాప మీద పడుకుని లేచిన పిల్లాడి బుగ్గలా మెంబ్రేన్ నిండా గీతలు, వెనకాల ఉండే జాలీ గుడ్డ అచ్చు దిగిపోయింది.

సముద్రపు నీటి ఓస్మోటిక్ ప్రెషర్ (ఉప్పు వల్ల నీళ్లు వెనక్కి లాగే ఒత్తిడి, పంపు ముందు దాన్ని దాటాలి) సుమారు 27 బార్, ఉప్పు రెట్టింపైతే 55 దగ్గరికి వెళ్తుంది. 75 బార్ కొడితే నీటిని నెట్టేది ఓ 20 బారే, కానీ మెంబ్రేన్ వీపు మీద బరువు మాత్రం మొత్తం 75. పైన పాలీఅమైడ్ పొర మైక్రాన్ కంటే పలచన, దాని కింద స్పాంజి లాంటి పాలీసల్ఫోన్ ఉంటుంది, వేడికి మెత్తబడి అణిగిపోయేది అదే. అణిగాక ఏ కెమికల్‌తో కడిగినా లేవదు. డేటా షీటులో 45 డిగ్రీలు అని చూసి ఊరుకుంటారు, వేడి పెరిగితే ప్రెషర్ ఎంత తగ్గించాలో చెప్పే గ్రాఫ్ ఎవరూ తిప్పి చూడరు. కొనేవాళ్లయితే రిజెక్షన్ (ఉప్పుని ఆపే) శాతం, రేటు, అంతే! 83 బార్ తట్టుకునే ఎలిమెంటా, 120 బార్‌దా అని కూడా అడగరు, నాకు అక్కడే ఒళ్లు మండుతుంది.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పంపుని ఒక్కసారిగా ఫుల్ స్పీడుకి లేపడం ఇంకో దరిద్రం. సెకనుకు 0.7 బార్ మించకుండా నెమ్మదిగా ఎక్కించాలి, వీఎఫ్‌డీ (పంపు స్పీడు మార్చే పరికరం) ఉన్నది అందుకే.

మీ ఫీడ్ టెంపరేచర్, నడిపే ప్రెషర్, రోజుకి ఎన్నిసార్లు ఆగుతుందో రాయండి, అప్పుడు మాట్లాడదాం.