ఆదివారం వాక్యం చెప్పడానికి కొత్తగా నిలబడేవారికి: ఒక్క వాక్యభాగం, 30 నిమిషాలు

మీరు అడిగింది ఇదీ. గాజువాక వైపు 80 మంది వచ్చే సంఘం. పాస్టర్‌గారికి ఒంట్లో బాగుండక, నెలకి రెండు ఆదివారాలు వాక్యం చెప్పే పని మీకు అప్పగించారు. మీరు బైబిల్ కాలేజీలో చదవలేదు, ఉద్యోగం చేసుకుంటూనే ఇది చేయాలి. 50 నిమిషాలు చెబుతుంటే సగం మంది కునికిపాట్లు పడుతున్నారు. పైగా వచ్చే శుభ శుక్రవారం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదో మాట మీద చెప్పమని మీకిచ్చారు.

బ్రదర్, ముందు ఆ కునికిపాట్ల సంగతి. అది పూర్తిగా మీ తప్పు కాదు. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో రాత్రి షిఫ్టు దిగి, ఇంటికెళ్లి నాలుగు చెంబులు పోసుకుని నేరుగా మందిరానికి వచ్చినవాళ్లు మీ ముందు కూర్చుంటారు. రేకుల షెడ్డు, విశాఖ ఉక్కపోత, రెండు ఫ్యాన్లు. వాళ్లు వచ్చారంటేనే దేవుని వాక్యం మీద ఎంత ఆకలి ఉందో తెలుసుకోండి. "నిద్రపోయేవాళ్లు లేవండి, పక్కవాళ్లని లేపండి" అని పుల్‌పిట్ మీంచి ఎప్పుడూ అనకండి. ఆ మాట పడ్డ మనిషి మళ్లీ ఆదివారం ఇంట్లోనే పడుకుంటాడు.

అసలు చిక్కు ఆరాధన క్రమంలో ఉంటుంది. చాలా సంఘాల్లో 10 గంటలకి మొదలై, పాటలకి 40 నిమిషాలు, సాక్ష్యాలకి 20, ప్రకటనలకి 10, కానుకకి ఇంకో 10 పోతాయి. వాక్యం అందేసరికి 11:20. అప్పటికి పిల్లలు ఆకలని ఏడుస్తుంటారు, పెద్దలకి నడుం పట్టేస్తుంది. పాస్టర్‌గారితో, సంఘ పెద్దలతో కూర్చుని ప్రకటనలనీ కానుకనీ వాక్యం తర్వాతకి జరపమని అడగండి. సాక్ష్యాలు రెండే, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. అప్పుడు 10:50కి వాక్యం మొదలవుతుంది. కానీ దీన్ని మీ అంతట మీరు మార్చేయకండి. అయ్యగారు మంచం మీదున్నప్పుడు క్రమం మార్చేశారన్న మాట ఒకసారి పుడితే, మీరు ఎంత బాగా చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు.

ఇక ప్రసంగం. 50 నిమిషాలని 30కి తగ్గించండి. తగ్గించడానికి తయారీ ఎక్కువ కావాలి. 30 నిమిషాలు శుభ్రంగా చెప్పాలంటే వారం మొత్తం మీద ఎనిమిది గంటలు పడుతుంది. ఉద్యోగస్తులకి రోజుకి గంటా ఇరవై నిమిషాల లెక్క. శనివారం రాత్రి ఒక్కసారే కూర్చుంటే ఆ ఎనిమిది గంటలు దొరకవు. అప్పుడే యూట్యూబ్‌లో పెద్ద సేవకుల ప్రసంగం విని అదే దించేయాలనిపిస్తుంది. మీ ముందున్నవాళ్ల ఫోన్లలోనూ అదే యూట్యూబ్ ఉంది, వాళ్లు ఆ ప్రసంగం గురువారమే విని ఉంటారు.

సోమవారం వాక్యభాగం ఖాయం చేసుకోండి. ఒక్క వచనం కాదు, ఎనిమిది నుంచి పదిహేను వచనాల భాగం. పైకి గట్టిగా మూడుసార్లు చదవండి. మంగళవారం ఆ అధ్యాయానికి ముందూ వెనకా అధ్యాయాలు చదివి, ఎవరు ఎవరితో ఏ పరిస్థితిలో మాట్లాడుతున్నారో కాగితం మీద పెట్టండి. బుధవారం, మీకే అర్థం కాని మాటలన్నీ రాసుకుని వెతకండి. గురువారం పని ఒక్కటే: ఆ భాగం చెప్పేదాన్ని ఒకే వాక్యంలో రాయడం. ఆ వాక్యం మధ్యలో "అలాగే" అనే మాట వచ్చిందంటే మీ దగ్గర రెండు ప్రసంగాలున్నాయి, రెండోదాన్ని వచ్చే నెలకి దాచండి. శుక్రవారం రాయాలి. శనివారం సాయంత్రం నిలబడి, ఫోన్‌లో టైమర్ పెట్టి, మొత్తం గొంతెత్తి చెప్పాలి. మనసులో చెప్పుకుంటే 20 నిమిషాలు వచ్చేది నోటితో 35 అవుతుంది.

ఒక్క భాగం పట్టుకోమని ఇంతగా ఎందుకు చెబుతున్నానో ఫిలిప్పీయులకు 4:13 చూస్తే తెలుస్తుంది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." క్యాలెండర్ల మీద, బైకుల మీద, ఇంటర్ పరీక్షలకెళ్లే పిల్లల అట్టల మీద ఉంటుంది. దాన్నొక్కదాన్నే తీసుకుంటే ప్రసంగం "మీరు ఏదైనా సాధించగలరు" అయిపోతుంది. పదో వచనం నుంచి చదవండి. ఈ పత్రికని పౌలు బంధకాల్లో, అంటే చెరలో ఉండి రాస్తున్నాడు. పదకొండులో, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తి కలిగి ఉండటం నేర్చుకున్నానంటాడు. పన్నెండులో కడుపు నిండటం, ఆకలి, సమృద్ధి, లేమి అన్నీ వస్తాయి. అంటే పదమూడులో ఉన్న "సమస్తము" పరీక్షలో ర్యాంకు కాదు. కడుపు నిండినా మాడినా క్రీస్తు నన్ను నిలబెడతాడు, ఇదీ గురువారం మీరు రాసుకోవాల్సిన వాక్యం. ఇప్పుడు కాంట్రాక్టు పని పోయిన అన్నకి ఇందులో మాట ఉంది, బోనస్ అందుకున్న తమ్ముడికీ ఉంది, ఎందుకంటే సమృద్ధిలో ఉండటం కూడా నేర్చుకోవాల్సిందే అంటున్నాడు పౌలు. పద్నాలుగో వచనం మాత్రం వదలకండి: "అయినను నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనినది మంచిపని." సంతృప్తిగా ఉన్నవాడికి కూడా సంఘం చేయి అందించాలి. ఈ వచనం దాకా వెళ్లని ప్రసంగం, ఇంట్లో బియ్యం లేనివాడికి "సంతృప్తిగా ఉండు" అని చెప్పి పంపించేస్తుంది.

రాబోయే కాలం మీద నిరీక్షణ ఇస్తానని దేవుడు చెప్పే, నూతన సంవత్సర వాగ్దానంగా ఇచ్చే యిర్మీయా 29:11తోనూ ఇదే జరుగుతుంది. దానికి ముందు వచనంలోనే, బబులోను రాజ్యానికి డెబ్బది సంవత్సరాలు గడిచాకే అది జరుగుతుందని ఉంది. అది చెప్పకుండా 11 ఒక్కటే ఇస్తే జనం మార్చికల్లా నెరవేరాలని చూస్తారు, నెరవేరకపోతే తమ విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోతారు.

30 నిమిషాలని నేనైతే ఇలా పంచుతాను: ప్రారంభానికి 3, ఆనాటి పరిస్థితికి 6, వాక్యభాగానికి 12, మన బతుకుల్లోకి తేవడానికి 7, ప్రార్థనకి 2. వేరే చోట నుంచి చూపించే వచనాలు మూడు దాటకూడదు. అందరూ బైబిల్ తిప్పి ఆ వచనం దొరకబుచ్చుకునేసరికి ఒక్కోదానికి నిమిషం పోతుంది. పది వచనాలు తిప్పించారంటే మూడో వంతు ప్రసంగం కాగితాల చప్పుడులోనే అయిపోతుంది. "స్తోత్రం", "ఆమేన్ చెప్పండి" అన్నవి దేవునికి చెందిన మాటలు. తర్వాత ఏం చెప్పాలో తోచనప్పుడు సందు పూడ్చుకోవడానికి వాడకండి. తోచకపోతే రెండు క్షణాలు ఆగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడు భాష. కొత్తగా చెప్పేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తెలుగులో అచ్చయిన బైబిల్‌కి మన ఊరు తొలిమెట్టు. 1805లో లండన్ మిషన్ వారి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. క్రైస్తవుడిగా మారిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో మొదలైన ఆ పనిలోంచి మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత ఎన్నో చేతులు మారి, సవరణలు జరిగి ఇప్పుడు మనం చదివే పరిశుద్ధ గ్రంథము వచ్చింది. దాని మాటలు పాత తెలుగువి. మాట అలాగే ఉంది, అర్థం మారిపోయింది. "సాత్వికులు ధన్యులు, వారు భూలోకమును స్వతంత్రించుకొందురు." ఇక్కడ స్వతంత్రించుకోవడమంటే వారసత్వంగా పొందడం. ఈ కాలం పిల్లలకి వినపడేది ఆగస్టు 15. "దేవుని సమాధానము" అంటే శాంతి, వాళ్లకి వినపడేది ప్రశ్నకి జవాబు. "స్వాస్థ్యము" అంటే వంతుగా వచ్చిన ఆస్తి, వినపడేది ఒంట్లో బాగవడం. "నీతి" అనగానే కథ చివర చెప్పే నీతి గుర్తొస్తుంది. వినేవాళ్లు తలూపుతూనే ఉంటారు, అర్థమైందని మీరు అనుకుంటారు. అందుకే వాక్యం చదివేటప్పుడు గ్రంథంలో ఉన్నట్టే చదవండి, పెద్దవాళ్లకి అది కంఠతా వచ్చు, ఒక్క అక్షరం మారినా నొచ్చుకుంటారు. చదివిన వెంటనే అదే మాట ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక్కసారి చెప్పండి. ఒక ప్రసంగంలో ఇలా విప్పి చెప్పే మాటలు మూడు చాలు.

ఎవరి ముందు చెబుతున్నారో కూడా చూసుకోవాలి. పెదజాలారిపేటలో లూకా 5 చెబుతూ చేపలు ఎలా పడతారో వివరించకండి. రాత్రంతా వేటాడి ఏమీ దొరకకపోవడం అంటే ఏమిటో మీకంటే వాళ్లకి బాగా తెలుసు. వాళ్ల దగ్గర పట్టుకోవాల్సింది రెండో వచనంలో ఉంది: జాలరులు వలలు కడుగుచుండిరి. వల కడుగుతున్నారంటే ఆ రోజుకి పని ముగిసినట్టే. ప్రభువు మళ్లీ వేయమన్నాడంటే, కడిగిన వల మళ్లీ పాడవుతుంది, మళ్లీ మొదటి నుంచీ కడగాలి, నిద్రలేని ఒళ్లుతో. "నీ మాట చొప్పున" అని పేతురు అన్నప్పుడు ఎంత బరువు ఎత్తుకున్నాడో ఆ పేటలో ఒక్క వాక్యంతో అందుతుంది. అదే మధురవాడ అపార్టుమెంట్ల సంఘంలోనైతే నాలుగు నిమిషాలు వివరించాలి.

మైక్ సంగతి చిన్నదే గానీ సగం ప్రసంగాలు అక్కడే పోతున్నాయి. పాటల కోసం మిక్సర్‌లో ఎకో పెడతారు, పాటలయ్యాక దాన్ని తీయరు. రేకుల షెడ్డు అప్పటికే ప్రతిధ్వనిస్తుంది, దాని మీద ఎకో కూడా ఉంటే వెనక వరసలకి మాట చివర్లు ఒకదాని మీద ఒకటి పడి గోలగా వినిపిస్తాయి. మీరు లేచేముందే ఎకో సున్నాకి తెమ్మని సౌండ్ చూసే తమ్ముడికి చెప్పి ఉంచండి. మైక్‌కీ నోటికీ నాలుగు వేళ్ల ఎడం. బైబిల్ చదవడానికి తల వంచినప్పుడు గొంతు మైక్ దాటిపోతుంది, అందుకే బైబిల్‌ని స్టాండ్ మీద ఎత్తుగా పెట్టుకోండి. స్పీకర్లు మైక్‌కి ముందు ఉండాలి, వెనక ఉంటే కీచుమంటుంది. బయటికి హారన్లు కట్టొద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట వాడకూడదు. చట్టం సరే, పక్కింట్లో పరీక్షకి చదువుకునే పిల్ల ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

పుల్‌పిట్ మీద ఎప్పటికీ చేయకూడనివి రెండు. ఒకటి, సంఘంలో ఎవరి మీదో కోపం పెట్టుకుని పేరు చెప్పకుండా ప్రసంగంలో పొడవడం. 80 మంది ఉన్న చోట ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది. మత్తయి 18:15 చెప్పే దారి వేరు: ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి మాట్లాడాలి. ప్రార్థన కోసం మీతో చెప్పుకున్న ఇంటి గుట్టు కూడా ఇందులోకే వస్తుంది, ఊరి పేరు మార్చి చెప్పినా గుర్తుపట్టేస్తారు. రెండోది, స్వస్థత గురించి చెబుతూ షుగర్ మాత్రలో, బీపీ మాత్రలో, టీబీ మందులో మానేయమనడం. టీబీ మందు మధ్యలో ఆపితే రోగం మందుకి లొంగకుండా తిరగబెడుతుంది. ప్రార్థన చేయండి, తలమీద చేయి ఉంచండి, మందు వేసుకున్నారా అని కూడా అడగండి.

ఇక శుభ శుక్రవారం. ఐదో మాట యోహాను 19:28, "నేను దప్పిగొనుచున్నాను." 12 నుంచి 3 దాకా ఏడుగురు పంచుకుంటారు, మధ్యలో కీర్తనలు, ప్రార్థనలు. మీ వంతు 15 నిమిషాలు అంటారు గానీ 12 నిమిషాలకే సిద్ధపడండి, ముందు చెప్పేవాళ్లు తప్పకుండా ఎక్కువ తీసుకుంటారు. ఆ వచనంలోనే "సమాప్తమైనదని యేసు ఎరిగి" అని ఉంది, అది చూసి "సమాప్తమైనది" అనే ఆరో మాటలోకి వెళ్లిపోకండి. ఆరో మాట చెప్పే సహోదరుడు వారమంతా దాని మీదే కూర్చున్నాడు. మీకున్నది చాలు. మత్తయి 27:34లో చేదు కలిపిన ద్రాక్షారసం ఇస్తే ఆయన రుచి చూసి వద్దన్నాడు. ఇక్కడ తనే నోరు తెరిచి దప్పిక అంటున్నాడు, చిరక పుచ్చుకున్నాడు. చిరక అంటే పులిసిన ద్రాక్షారసం, ఆ మాట తప్పకుండా విప్పి చెప్పండి, సంఘంలో చాలామందికి తెలియదు. కీర్తన 69:21 ఒక్కటి చూపించండి. ఇదే సువార్త ఏడో అధ్యాయంలో, దప్పిగొన్నవాడు నా దగ్గరికి రావాలని కేకవేసి చెప్పినవాడే ఇప్పుడు దప్పిక అంటున్నాడు. ఇంకేమీ కలపకండి. ఎండాకాలంలో, మధ్యాహ్నం రెండు గంటలకి, పొద్దుటి నుంచి ఉపవాసంతో ఉన్నవాళ్లు మీ ముందు కూర్చుంటారు. వాళ్ల నాలుకలు అప్పటికే ఆరిపోయి ఉంటాయి, దప్పిక అంటే ఏమిటో మీరు వర్ణించక్కర్లేదు. ఆ మాట మెల్లగా రెండుసార్లు చదివి, చెప్పాల్సింది చెప్పి, 12వ నిమిషంలో కూర్చోండి.