చాట్‌జీపీటీ మాన్పించాలా, కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది. పుస్తకం తెరవడు. అసైన్‌మెంట్ నుంచి ల్యాబ్ రికార్డు దాకా అన్నిటికీ చాట్‌జీపీటీయే. మాన్పించాలా? అమీర్‌పేటలో, చాట్‌బాట్‌ను ఎలా అడగాలో నేర్పే ప్రాంప్ట్ ఇంజినీరింగ్ కోర్సులో చేర్పించాలా, ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో కోర్సు చేయించాలా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. బాబు చెడిపోలేదు. 2025లో చాట్‌జీపీటీ లాంటివే అయిన జెమినిని జియో సిమ్‌తో, పర్‌ప్లెక్సిటీని ఎయిర్‌టెల్‌తో ఉచితంగా ఇచ్చారు. చేతిలోకి వచ్చినదాన్ని ఆ వయసు పిల్లలు వాడకుండా ఎలా ఉంటారు? సొంతంగా ఏమీ రాకుండానే డిగ్రీ చేతికొస్తుందేమోనన్నది మీ అసలు భయం. అందులో న్యాయముంది.

కానీ ఒక మాట గట్టిగానే అంటాను. ఇంటర్ రెండేళ్లూ మెటీరియల్, బిట్ పేపర్లు తప్ప బాబు చేతికి ఇంకేమైనా ఇచ్చారా? కథల పుస్తకం పట్టుకుంటే 'ఎంసెట్ అయ్యాక చూద్దువులే' అనలేదా? జవాబు దొరికితే చాలనే చదువు మనమే అలవాటు చేశాం. ఇప్పుడు నేరమంతా ఫోన్ మీద వేస్తే ఎలా?

ప్రాంప్ట్ ఇంజినీరింగ్ మీద నాకు నమ్మకం లేదు. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఈ చాట్‌బాట్‌లు మామూలు మాటలనే ఇంకా బాగా అర్థం చేసుకుంటున్నాయి. ఇప్పుడు ఫీజు కట్టి నేర్చుకున్న చిట్కాలు ఫైనలియర్‌కు ఎంత పనికొస్తాయి? సబ్జెక్టు వచ్చినవాళ్లకే సరైన ప్రశ్న తడుతుంది, జవాబులో తప్పూ కనిపిస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైనవనుకుని కోర్టులో చూపించారు. 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ తీర్పుల కోసం ఒక్కసారి వెతికి చదవబోయినా, అవి లేవని తెలిసేది.

ఎన్‌పీటీఈఎల్‌లో చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్షకే ఫీజు. సర్టిఫికెట్ స్కోరులో సాధారణంగా 75 శాతం సెంటర్‌లో కూర్చుని రాసే పరీక్షదే. డేటాబేస్‌ల సబ్జెక్టు డీబీఎంఎస్‌తో మొదలుపెట్టమనండి.

ఇక చదవడం. 54 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి పరిశోధన ఒకటుంది. కథల్లో తేడా కనిపించలేదు గానీ, సమాచారం ఉన్న పాఠాలు స్క్రీన్ కంటే కాగితం మీద చదివినప్పుడే బాగా అర్థమయ్యాయట. టైమ్ తక్కువైనప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. అందుకే ఒక యూనిట్ జిరాక్స్ తీయించుకుని, పెన్ను పట్టుకుని చదవమనండి. ఆ తర్వాత చాట్‌జీపీటీ తెరిచి 'ఈ యూనిట్‌లో నన్ను ప్రశ్నలడుగు' అని టైప్ చేయమనండి. వాడకం మాన్పించక్కర్లేదు, చదివాక వాడితే చాలు.

ఈ ఆదివారం ఫోన్‌లో మార్కులు అడగకండి. ఈ వారం ఏం చదివాడో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. తడబడితే తిట్టొద్దు, వచ్చే వారం మళ్లీ అడగండి. అమీర్‌పేట ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి.