చెట్టు మాత్రం ఎక్కకు బాబూ

చిరంజీవి బాబుకి,

సెలవు పెట్టి తేలినీలాపురం వస్తావట, పాత ఇంట్లో ఉండి పెరటి చింతచెట్టు మీద పక్షుల లెక్క రాస్తావట. మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బైనాక్యులర్స్, నోటుబుక్కు, గొడుగు తెచ్చుకో. డ్రోను తేకు.

సెప్టెంబరులో ముందు కొన్ని గూడబాతులు, అదే పెలికాన్లు, వచ్చి చెట్లు చూసుకుంటాయి. తర్వాత గుంపు దిగుతుంది, ఎర్రకాళ్ల కొంగలూ వస్తాయి. ఇవి సైబీరియావని ఊళ్లో అంటారు, నువ్వు అలా రాయకు. రెండూ మన దేశంలో ఉండేవే. వానలు పడి నౌపడ మడుగుల్లో చేపలు దొరికే కాలం చూసుకుని గూళ్లు కట్టడానికి వస్తాయి. ఉత్తరాన దూరదేశాల నుంచి నిజంగా వచ్చేది తోక ఊపుకుంటూ గట్ల మీద నడిచే వాగ్‌టైల్. చిన్న పిట్టే అని వదిలెయ్యకు, దాన్నీ రాసుకో.

ఇక అసలు సంగతి. మీ చిన్నతాత కుంటుతూ నడిచేవాడు, గుర్తుందా? ఎందుకో నీకెవరూ చెప్పి ఉండరు. ఓ ఏడు కొంగపిల్ల గూట్లోంచి కింద పడింది. జాలిగుండె ఆయనది. పిల్లని తువ్వాలులో కట్టుకుని చెట్టెక్కాడు. మనిషిని చూసి పెద్దపక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఎప్పుడెప్పుడా అని కాచుకున్న కాకులు గూళ్ల మీద పడి గుడ్లు పొడిచేశాయి. ఒక్క పిల్ల కోసం ఎక్కితే అన్ని గూళ్లు పోయాయి. కింద నుంచి మేం అరుస్తున్నాం, ఆయన కంగారుపడి దిగబోయాడు. వానకి తడిసిన మాను, పైగా రెట్టల జారుడు. తొడ ఎముక విరిగింది. మా అమ్మ ఆ చెట్టుకింద కూలబడి ఏడ్చిన ఏడుపు నాకింకా వినిపిస్తుంది.

పిల్ల పడితే అటవీశాఖ వాళ్లకి కబురు చెయ్యి, వాళ్లు చూసుకుంటారు. నువ్వు అరుగు మీదే కూర్చుని చూడు. మీద రెట్ట పడితే కడుక్కో, విసుక్కోకు. మా నాన్న ఆ మట్టినే పొలానికి తోలేవాడు.

అక్టోబరులో వాయుగుండం అన్నారంటే పెరటివైపు గదిలో పడుకోవద్దు. 2018లో తిత్లీ తుపానుకి మన జిల్లాలో తోటలే నేలకూలాయి. మొండిగా ఉంటానంటే నేనే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోతాను, నాన్నా.

టెక్కలిలో బస్సు దిగగానే ఫోన్ చెయ్యి. ఆటో పంపిస్తాను, భోజనం మా ఇంట్లోనే.

ఆశీస్సులతో,
పెదనాన్న