వానపాము ముక్కలు, రొయ్య వీపులో నల్ల దారం

(జంతుశాస్త్రం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మేడమ్, గేలానికి ఎర గుచ్చుతూ మా తమ్ముడు వానపామును రెండుగా తుంచాడు. రెండు ముక్కలూ మెలికలు తిరిగాయి. అవి రెండు వానపాములు అయిపోతాయని వాడి వాదన. నీటికుంటల్లో ఉండే హైడ్రా అనే చిన్న జంతువును ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక్కో హైడ్రా అవుతుందని మా పుస్తకంలో ఉంది. మరి వానపాముకి ఆ శక్తి లేదా?
– ఇంటర్ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: అమ్మాయీ, కదలడం వేరు, బతకడం వేరు. వానపాము పొట్ట వైపున తల నుంచి తోక దాకా ఒక నాడీదండం ఉంటుంది. ఒక్కో ఖండితంలో (ఒంటి మీద వలయంలా కనిపించే ఒక్కో భాగంలో) దానికి ఒక చిన్న ముడి. ఆ ఖండితం కండరాలను ఆడించే పని చాలావరకు ఆ ముడే చూసుకుంటుంది. అందుకే తల లేని ముక్క కూడా కాసేపు మెలికలు తిరుగుతుంది. మీ తమ్ముడు చూసింది అదే.

ఇక బతకడం సంగతి. ఫెరెటిమా పోస్తుమా అనే వానపామునే తీసుకుందాం. ఇప్పుడు దాన్ని మెటాఫైర్ పోస్తుమా అంటున్నారు, పురుగు మాత్రం అదే. ఒంట్లో వంద నుంచి నూట ఇరవై ఖండితాలు ఉంటాయి. మెదడు మూడో ఖండితం దగ్గర. మట్టిని నూరే అంతరజఠరం ఎనిమిదిలో. రక్తాన్ని నెట్టే గుండెలు నాలుగు జతలు: 7, 9, 12, 13 ఖండితాల్లో. ముష్కాలు, అండాశయాలు 10 నుంచి 13 లోపల. పద్నాలుగు నుంచి పదహారు దాకా పట్టీ చుట్టినట్టు కనిపించేది క్లైటెల్లం. అంటే ముఖ్యమైన సరంజామా అంతా మొదటి ఇరవై ఖండితాల్లోనే సర్దుకుని ఉంది. వెనక మిగిలిన ఎనభై, వంద ఖండితాల్లో ఉండేది ప్రధానంగా పేగు, దాని చుట్టూ కండరం, విసర్జన చేసే సన్నని నాళికలు.

ఇప్పుడు మధ్యకు తుంచావనుకో. తోక ముక్కకి నోరు లేదు, గుండె లేదు, మెదడు లేదు. కొంతసేపు కొట్టుకుని చచ్చిపోతుంది. తల ముక్కకి మాత్రం అవకాశం ఉంది. గాయం మానితే కొన్ని తోక ఖండితాలు మళ్లీ పెరగవచ్చు. ఎంత ముందుకి తుంచితే ఆ అవకాశం అంత తగ్గుతుంది. పెరియానిక్స్ ఎక్స్‌కవేటస్ అని ఎరువు తయారీలో వాడే వానపాము ఒకటి ఉంది. దానికి తల వైపూ తోక వైపూ పెరిగే శక్తి బాగా ఎక్కువ. కాబట్టి ‘వానపాములన్నీ ఇంతే’ అని రాయకు, ఏ వానపామో చెప్పి రాయి.

హైడ్రా కథ వేరు. 1740ల్లో ట్రెంబ్లే అనే ఆయన హాలండ్‌లో ఒక పెద్దింటి పిల్లలకి చదువు చెబుతూ గుంటల్లోంచి తెచ్చిన హైడ్రాలను అడ్డంగా కోశాడు, నిలువుగా చీల్చాడు, లోపలిది బయటికి తిప్పాడు కూడా. అది మొక్కా, జంతువా అని తేల్చుకోవడానికి మొదలుపెట్టిన పని అది. ముక్కలు తిరిగి పూర్తి జీవులయ్యాయి. 1744లో ఆ వివరాలన్నీ అచ్చువేశాడు. ఆ ప్రయోగాలంటే నాకు చాలా గౌరవం. ఆయన చేతిలో ఉన్నవి ఒక మామూలు భూతద్దం, కత్తెర, బోలెడంత ఓపిక. అంతే.

హైడ్రాకి అది ఎలా సాధ్యమైంది? దాని ఒంటి గోడలో ఉన్నవి రెండే కణాల పొరలు. బయట బహిస్త్వచం, లోపల అంతస్త్వచం. మధ్యన మీసోగ్లియా అనే జిగురు. రక్తం లేదు, గుండె లేదు, మెదడు లేదు. ఉన్న నాడీకణాలు ఒళ్లంతా వలలా పరుచుకుని ఉంటాయి. రెండు పొరలూ నీటిని ఆనుకునే ఉంటాయి కనుక ఆక్సిజన్ మోసుకెళ్లే రక్తం అవసరమే లేదు. ఇంకో విశేషం చూడు. దానికి విడిగా కండర కణజాలం లేదు. చర్మంలో ఉండే కణమే అడుగున సన్నని కండర తంతువుగా సాగి ఉంటుంది. పైభాగం కప్పుతుంది, అడుగుభాగం ముడుచుకుంటుంది. ఒకే కణానికి రెండు ఉద్యోగాలు. పైగా దాని నడుము భాగంలో కణాలు జీవితాంతం విభజన చెందుతూనే ఉంటాయి. తెగిన ముక్కలో రెండు పొరలూ, ఆ విభజించే కణాలూ ఉన్నాయంటే కొత్త హైడ్రాకి కావలసిన సరుకంతా అందులో ఉన్నట్టే.

వానపాములో మూడో పొర, మధ్యస్త్వచం, వచ్చి చేరింది. కండరాలు, రక్తనాళాలు, శరీరకుహరం గోడలు దాని నుంచే వచ్చాయి. పని పంచుకోవడం పెరిగింది, ఒక్కో పనికి ఒక్కో చోటు స్థిరపడింది. ఆ చోటు పోతే ఆ పని పోతుంది. పరీక్షలో ‘ద్విస్తరిత (రెండు పొరలది), త్రిస్తరిత (మూడు పొరలది)’ అని రెండు మాటలు రాసి ఊరుకోవద్దు. ఈ తేడా అర్థమైతే మిగతా అకశేరుకాల (వెన్నెముక లేని జంతువుల) పాఠమంతా సులువవుతుంది.

స్పంజికలు హైడ్రా కన్నా ఒక మెట్టు కింద ఉన్నాయి. వాటిలో అసలు నిజమైన కణజాలాలే లేవంటారు. 1907లో విల్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక స్పంజికను సన్నని పట్టుగుడ్డలోంచి పిండి, విడివిడి కణాలు చేసి సముద్రపు నీటిలో వదిలాడు. ఆ కణాలు పాక్కుంటూ వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుని మళ్లీ స్పంజికలుగా తయారయ్యాయి.

ప్రశ్న: రొయ్యలు వలిచేటప్పుడు వీపు మీద గీటు పెట్టి నల్లటి నరం తీసేస్తాం. అది నిజంగా నరమేనా? తీయకపోతే ఏమవుతుంది? తల తినొచ్చా?
– గృహిణి, తణుకు

జవాబు: అది నరం కాదమ్మా, పేగు. రొయ్య జీర్ణాశయం తలలోనే ఉంటుంది. అక్కణ్ణుంచి పేగు వీపు వెంబడి తోక చివరి దాకా నడుస్తుంది. నల్లగా కనిపించేది అందులోని మేత, మట్టి, మలం. పట్టుబడికి ముందు మేత ఆపిన చెరువు రొయ్యలైతే ఆ దారం సన్నగా, ఒక్కోసారి కనిపించీ కనిపించకుండా ఉంటుంది.

అసలు నరం చూడాలంటే రొయ్యను బోర్లించి కాక వెల్లకిలా పట్టుకోండి. మా ఇంట్లో రొయ్యలు వలిచే పని నాదే. చుట్టూ చేరిన పిల్లలకి దీన్ని చూపించకుండా నేను గిన్నె కడగను. కాళ్లు తీసేసి, పొట్ట వైపు కండను మధ్యలో వేలి గోరుతో మెల్లగా విడదీస్తే తెల్లటి సన్న దారం ఒకటి కనిపిస్తుంది. జాగ్రత్తగా చూస్తే దాని మీద ఎడమెడంగా చిన్న ఉబ్బులు కూడా తెలుస్తాయి. నాడీదండం అది. మనకి వెన్నుపాము వీపు వైపు, పేగు పొట్ట వైపు. రొయ్యకి సరిగ్గా తలకిందులు. వానపాముకీ, బొద్దింకకీ కూడా నాడీదండం పొట్ట వైపే.

పేగు తీయకుండా బాగా ఉడికించి తింటే ప్రమాదమేమీ లేదు, నోట్లో ఇసుక తగులుతుంది, రుచి చెడుతుంది. పెద్ద రొయ్యలకి తీయండి. చిన్నవాటికి ఆ శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం.

తలలో గోధుమ రంగులో, నారింజ రంగులో మెత్తగా ఉండేది హెపటోపాంక్రియాస్. మన కాలేయం, క్లోమం చేసే పనులు రెండూ అదే చేస్తుంది. కొవ్వు అక్కడే దాచుకుంటుంది కనుక తలల పులుసుకి ఆ రుచి. తాజా రొయ్య, మంచి చెరువు అయితే తినొచ్చు. అయితే ఒంట్లోకి వచ్చిన లోహాలూ మందులూ ఎక్కువగా చేరేది కూడా అక్కడే. ఎక్కడివో తెలియని రొయ్యలైతే తల వదిలేయడమే మేలు.

మనం తినే తెల్ల కండ చారల కండర కణజాలం, మన చేతి కండలాంటి రకమే. తోకను పొట్ట కిందికి ఒక్కసారిగా ముడిచి వెనక్కి ఎగరడానికి అంత కండ. ఉడికితే ఎర్రబడటం మాత్రం కండలో కాదు, పెంకులోనూ దాని కింది పొరలోనూ. అక్కడ ఆస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు పదార్థం ప్రొటీన్‌తో కలిసి ఉన్నంతకాలం నీలిగా, బూడిదగా కనిపిస్తుంది. వేడికి ప్రొటీన్ పట్టు వదలగానే అసలు రంగు బయటపడుతుంది.

ప్రశ్న: వైట్ స్పాట్ (తెల్లమచ్చ) రోగం వస్తే మూడు నాలుగు రోజుల్లో చెరువు తుడిచిపెట్టుకుపోతుంది. ఈహెచ్‌పీ అనే రోగం వస్తే రొయ్య చావదు, పెరగదు. రెండూ రొయ్యకే కదా, ఇంత తేడా ఏమిటి? యాంటీబయాటిక్ ఏదైనా పనిచేస్తుందా?
– వనామి రొయ్యల రైతు, భీమవరం దగ్గర

జవాబు: తేడా రెండు చోట్ల ఉందండి: ఆ క్రిములు ఏమిటన్న దాంట్లో, అవి ఏ కణజాలాన్ని పట్టుకుంటాయన్న దాంట్లో.

వైట్ స్పాట్ వైరస్. అది పట్టుకునేది బహిస్త్వచం నుంచి, మధ్యస్త్వచం నుంచి వచ్చిన కణజాలాలను. అంటే పెంకు కింద ఉండే ఉపకళ (కప్పి ఉంచే కణాల పొర), మొప్పలు, సంయోజక కణజాలం (భాగాలను కలిపి పట్టుకునేది), రక్తకణాలు తయారయ్యే భాగం. ఊపిరి, రక్షణ, చర్మం అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి. అందుకే అంత వేగంగా చావులు. పెంకును తయారుచేసే పొర పాడైనందువల్ల పెంకులో కాల్షియం లవణాలు మచ్చలుగా పేరుకుంటాయి. మీరు చూసే తెల్లమచ్చ అదే. వనామిలో మచ్చలు తేలకుండా ఒళ్లు ఎర్రబారి చనిపోవడం కూడా ఉంది కాబట్టి మచ్చ లేదని ధీమా పడకండి.

ఈహెచ్‌పీ వైరస్ కాదు, మైక్రోస్పోరిడియా అనే అతి చిన్న పరాన్నజీవి. అది చేరేది హెపటోపాంక్రియాస్ నాళికల లోపలి ఉపకళలోకి. ఆ పొర అంతస్త్వచం నుంచి వచ్చింది. తిన్న మేతను అరిగించి పీల్చుకునే కణాలు అవే. కణం లోపల కూర్చుని దాని శక్తిని అది తినేస్తుంది. రొయ్య మేత తింటూనే ఉంటుంది, ఒంటికి పట్టదు. పట్టుబడిలో చిన్నా పెద్దా కలిసి సైజు తేడాలు రావడం అందుకే.

యాంటీబయాటిక్ గురించి గట్టిగా చెబుతున్నాను, దయచేసి వినండి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాకి మందు. వైట్ స్పాట్ మీద అది పనిచేయదు. ఎవరైనా అమ్మజూపితే కొనకండి. డబ్బు పోతుంది, రొయ్యలో అవశేషం దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది, మీ ఊరి రైతులందరి మీదా మచ్చ పడుతుంది. మనకిలా ప్రతిరక్షకాలు తయారుచేసుకునే ఏర్పాటు కూడా రొయ్యకి లేదు. దానికి ఉన్నవి రక్తకణాలు, వాటి నుంచి వచ్చే కొన్ని రసాయనాలు మాత్రమే. కాబట్టి మీ చేతిలో ఉన్నది ముందుజాగ్రత్త: సీడ్‌ను (చెరువులో వేసే రొయ్య పిల్లలను) క్రిమి ఉందో లేదో తెలిపే పీసీఆర్ పరీక్ష చేయించి వేయడం, చెరువును బాగా ఎండబెట్టడం, పీతలు రాకుండా చుట్టూ వల కట్టడం, ఒక చెరువు పనిముట్లు ఇంకో చెరువులో ముంచకపోవడం.

ప్రశ్న: బొద్దింకను కొడితే తెల్లటి ద్రవం వస్తుంది. రక్తం ఎర్రగా ఎందుకు ఉండదు?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: రక్తంలో ఎరుపు ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ది బాబూ. బొద్దింక రక్తానికి ఆ మోత పని లేదు. ఒంటికి రెండు పక్కలా కలిపి పది జతల శ్వాసరంధ్రాలు ఉంటాయి. వాటి నుంచి వాయునాళాలు చీలిపోతూ నేరుగా కణజాలాల దాకా గాలిని చేరవేస్తాయి. రక్తం ఆహారాన్నీ వ్యర్థాలనూ మోస్తుంది. నువ్వు చూసిన తెల్లటిదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు కణజాలం, దాన్ని కొవ్వు దేహం అంటారు. వానపాము రక్తం ఎర్రగానే ఉంటుంది, దానిలో హిమోగ్లోబిన్ కణాల్లో కాకుండా ద్రవంలోనే కరిగి ఉంటుంది. రొయ్యకేమో రాగి ఉన్న హిమోసయనిన్, అది ఆక్సిజన్ పట్టుకుంటే లేత నీలం.

ప్రశ్న: మా బడిలో ఒకే ఒక్క సూక్ష్మదర్శిని ఉంది. జంతువులను కోయడం మాకు ఇష్టం లేదు. కణజాలాల పాఠం బొమ్మలు గీయించి ముగించాల్సిందేనా?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, వనపర్తి జిల్లా

జవాబు: కోయకపోవడమే మంచిది టీచర్ గారూ. 2014లో యూజీసీ కూడా డిగ్రీ, పీజీ జువాలజీలో కోతలు మానమంది. బొమ్మలతో మాత్రం ఆపకండి.

ఉపకళకి పిల్లల బుగ్గలే చాలు. నోరు పుక్కిలించాక ఎవరి పుల్లతో వాళ్లే బుగ్గ లోపల మెల్లగా గీకి, గాజు పలక మీద నీటి బొట్టులో రాసి, ఒక్క చుక్క మెథిలీన్ బ్లూ వేస్తే పలుచటి పలకల్లాంటి కణాలు, మధ్యన నీలి కేంద్రకం కనిపిస్తాయి. పుల్లలు ఒకరివి ఒకరు వాడకుండా చూసి, వెంటనే పారేయించండి.

కండరానికి వానపాము. తడి పళ్లెంలో వదిలి, ముందు భాగం సన్నగా సాగడం, తర్వాత లావై పొట్టిగా ముడుచుకోవడం చూపించండి. చుట్టు కండరం బిగిస్తే సాగుతుంది, నిలువు కండరం బిగిస్తే ముడుస్తుంది. ఎముక లేకుండా ఇదెలా అంటే లోపలి కుహరంలోని ద్రవం వల్ల. నీళ్లు నింపిన బెలూన్‌ను మధ్యలో పిసికితే రెండు చివరలూ పొడుచుకొస్తాయి కదా, అదే తీరు. వీపు మీద ముదురు గీతలా కనిపించే రక్తనాళంలో రక్తం తోక నుంచి తల వైపు అలలు అలలుగా పోవడం పైకే తెలుస్తుంది. దాన్ని పొడి కాగితం మీద ఒక్క నిమిషం పాకనిచ్చి, పిల్లలను చెవి దగ్గర పెట్టి వినమనండి. సన్నగా గీరుతున్న చప్పుడు వస్తుంది. అవి శూకాలు, అంటే ఒంటి మీది ముళ్లలాంటి సన్నని వెంట్రుకలు. తోక నుంచి తల వైపు వేలితో నిమిరితే గరుగ్గా తగులుతాయి. చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది కనుక వెంటనే మళ్లీ తడి చేయాలి. ఎవరూ ఉప్పు చల్లకుండా చూడండి, ఒంట్లో నీరంతా లాగేసి చంపేస్తుంది.

హైడ్రా కోసం కదలని నీటికుంటలోంచి నాచు, హైడ్రిల్లా తెచ్చి గాజు సీసాలో వేసి కిటికీ పక్కన కదపకుండా పెట్టండి. మర్నాటికి గాజుకి అతుక్కుని అర సెంటీమీటరు పొడవున సన్న దారాలు, చివర చేతుల కుచ్చు కనిపిస్తే అవే. దొరక్కపోతే ఇంకో కుంట చూడండి, మందులు కలిసే నీటిలో అవి ఉండవు. పుల్లతో తాకితే మొత్తం ముద్దగా ముడుచుకుంటుంది. సీసాలో నీరు తగ్గితే ఆ కుంట నీళ్లే పోయండి, క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు పోస్తే చచ్చిపోతాయి.